ప్రార్థన చేస్తాం సరే, లెక్క ఎవరు చెప్తారు?

పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నాం. సంతకెళ్ళి వచ్చాక తీరిగ్గా చదవండి, కానీ చదవండి. ఇంటర్ అయిపోయిన తమ్ముడో చెల్లో మీ ఇంట్లో ఉండి, "బైబిల్ కాలేజీలో సీటుంది, ఫీజు లేదు, భోజనం ఫ్రీ" అని ఎవరైనా మీ ఊరికి వచ్చి చెప్పి ఉంటే ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మేము అంటే మొత్తం 26 మందిమి. పాడేరు, జి.మాడుగుల, ముంచింగిపుట్టు వైపు కోదు, భగత, కొండదొర పిల్లలం. సాలూరు కొండల మీద నుంచి జాతాపులు, గుమ్మలక్ష్మీపురం నుంచి సవరలు, చింతూరు వైపు కోయ తమ్ముళ్ళు ముగ్గురు. మైదానంలో ఒక పట్నం చివర ఉన్న బైబిల్ కాలేజీ హాస్టల్లో ఉంటున్నాం. కాలేజీ పేరు రాయడం లేదు. పేరు రాస్తే మాటంతా ఆ పేరు చుట్టూ తిరుగుద్ది, అసలు సంగతి పోద్ది. పైగా మాలో 17 మంది టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. టైపు చేస్తున్నోడికి ఇరవై ఏళ్ళు, వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. మాలో ఎక్కువమంది అంతే. మాట మాత్రం అందరిదీ.

ముందు మనవాళ్ళతోనే ఒక మాట తేల్చుకోవాలి. పోయిన నెల మా సంగతి ఇక్కడ కొంచెం రాస్తే ఒకన్న ఏమన్నాడంటే, "మతం మారారు కదా, అనుభవించండి, మాకెందుకు చెప్తారు" అని. అన్నా, మీకే చెప్తాం. ఇంకెవరికి చెప్పాలి? 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. కోదువాడు కొండదేవుడికి మొక్కినా, యేసుకి మొక్కినా, ఎవరికీ మొక్కకపోయినా కోదువాడే. ఆ షరతు మన మీద కూడా పెట్టాలని ఊరేగింపులు చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట మన నోట్లోంచి రాకూడదు. రేపు పోడు పట్టా అడిగేటప్పుడు నీ మతం ఏంటి అని అడిగితే అప్పుడు తెలుస్తది నొప్పి.

ఇంక విషయం.

డబ్బు లేని కాలేజీ ఎలా ఉంటదో చూడనివాళ్ళకి చెప్తాం. మేము చేరిన ఏడాది వారానికి రెండు గుడ్లు, ఆదివారం కోడికూర. తర్వాత గుడ్డు ఒకటయింది. తర్వాత కోడికూర నెలకొకసారి అయింది. ఈ సంక్రాంతి సెలవుల తర్వాత తిరిగొస్తే గుడ్డు లేదు, మజ్జిగ లేదు. పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పునీళ్ళు, రాత్రి అన్నం చారు. వంటమ్మకి నాలుగు నెలల జీతం బాకీ పడితే ఆమె కొడుకు వచ్చి తీసుకుపోయాడు. వెళ్ళేటప్పుడు ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చాం. ఇప్పుడు వంట మాదే. గ్యాస్ బండ అయిపోతే వెనకాల తుమ్మకంప కొట్టి పొయ్యి పెడతాం. "కొండ పిల్లలకి పొయ్యి ఊదడం కొత్తేం కాదులే" అని ఆఫీసాయన నవ్వాడు. మేము నవ్వలేదు.

చోడంబలి తాగి పెరిగినోళ్ళం, తిండి గురించి రాయడం మాకు నామోషీ. వానాకాలంలో ఇంటి దగ్గరా గంజే. కానీ ఇంట్లో గంజి అయితే అమ్మకీ గంజే, నాన్నకీ గంజే. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్స్ వైపు నుంచి మసాలా వాసన వస్తది. లేమి అందరిదీ అయితే ఓర్చుకోవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అది హాస్టల్ వైపు మాత్రమే ఎందుకు ఉందో అడుగుతున్నాం.

మాస్టర్లు ఏడుగురు ఉండేవారు, ఇప్పుడు ముగ్గురు. ఒకే సారు పాత నిబంధన, సంఘ చరిత్ర, గ్రీకు మూడూ చెప్తున్నారు. ఆయన్ని మేము ఒక్క మాట అనం. ఆయనకీ ఆరు నెలలుగా సగం జీతమే, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుని ఇల్లు నడుపుతున్నారు. ఆమోసు ప్రవక్త గురించి చెప్పింది ఆయనే. గొర్రెలు కాసుకునేవాడు, మేడిపళ్ళు ఏరుకునేవాడు, పట్నంలో పెద్దల ముందు నిలబడి బీదల్ని తొక్కుతున్నారని మొహం మీదే చెప్పాడు. అడ్డపిక్కలు ఏరుకునే ఇంటి నుంచి వచ్చినోళ్ళకి ఆ పాఠం బాగా ఎక్కింది. చెప్పినాయనకి ఈ పోస్టు సంగతి తెలీదు, ఆయన మీదకి ఎవరూ పోవద్దు.

లైబ్రరీకి తాళం. "వర్క్ డ్యూటీ" అని రోజుకి రెండు గంటలు తోటపని, ఊడవడం ఉండేది. పనివాళ్ళు మానేశాక అది నాలుగు గంటలయింది. గేటు కాపలా కూడా మేమే, వంతులు వేసుకుని. చదువుకోవడానికి వచ్చినోళ్ళు కాలేజీని మోస్తున్నారు. దీన్ని "సేవ" అంటారు. జీతం ఇవ్వాల్సిన పనిని జీతం లేకుండా చేయిస్తే దానికి మన ఊళ్ళో వేరే పేరుంది. మన తాతలు ముఠాదారుల కింద చేసిన పని అదే.

ఫిబ్రవరిలో మా చెల్లి ఒకామెకి రాత్రిపూట సికిల్ సెల్ నొప్పులు వచ్చాయి. ఏజెన్సీలో ఆ జబ్బు ఎంతమందికి ఉందో మీకు చెప్పక్కర్లేదు. బండికి డీజిల్ లేదన్నారు. పొద్దున్న చూద్దాం, అందాకా ప్రార్థన చేయండి అన్నారు. మేము ప్రార్థనా చేశాం, 108కి ఫోనూ చేశాం. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు ఉంది, బతికింది. వెనక్కి వచ్చిన మర్నాడు ఉదయం ఆరాధనలో ఆమె కోసం స్తోత్రం చెప్పారు, దాని వెంటనే అనుమతి లేకుండా గేటు దాటిన ముగ్గురికి వారం రోజులు బయటికి పోకూడదని శిక్ష చెప్పారు. రెండూ ఒకే నోటితో, ఒకే నిమిషంలో.

"ఎందుకిలా?" అని అడిగితే ఒకటే జవాబు, "విదేశాల నుంచి డబ్బు ఆగిపోయింది". ఇది అబద్ధం కాదు. న్యాయంగా మాట్లాడాలి కాబట్టి దాని సంగతి మేము తెలుసుకున్నంత చెప్తాం. విదేశీ విరాళాల చట్టం 2010లో కొత్తగా వచ్చింది. 2020 సెప్టెంబరులో దాన్ని సవరించారు. అంతకుముందు వచ్చిన డబ్బులో సగం దాకా ఆఫీసు ఖర్చులకి వాడుకోవచ్చు. ఇప్పుడు 20 శాతమే. డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. చిన్న బైబిల్ కాలేజీలు అలాగే బతికాయి. పెద్ద సొసైటీకి డబ్బు వచ్చేది, అక్కడి నుంచి వీటికి తలా కొంచెం వచ్చేది. ఆ కాలవ ఒక్క సవరణతో ఎండిపోయింది. అంతకుముందే, 2017లో, కంపాషన్ ఇంటర్నేషనల్ లాంటి పెద్ద సంస్థే ఈ దేశంలో పని ఆపేసుకుని వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ చట్టం బీదవాళ్ళ బడుల మీద, హాస్టళ్ళ మీద ఎలా పడిందో అడగాల్సినవాళ్ళని అడగాలి, అడుగుతాం కూడా.

కానీ అయ్యగారూ, సవరణ వచ్చి ఏళ్ళు అవుతోంది. డబ్బు రాదని మీకు తెలుసు. తెలిసీ మా ఊళ్ళకి వచ్చి "అంతా ఫ్రీ" అని ఎందుకు చెప్పారు? పోయిన జూన్‌లో కొత్తగా తొమ్మిది మందిని ఎందుకు చేర్చుకున్నారు? ఇప్పుడు నెలకి 1,500 "భోజన సహకారం" తెమ్మంటున్నారే, చేరేటప్పుడు ఆ కాగితం ఎందుకు చూపించలేదు? మా అమ్మ కాఫీ పండ్లు ఏరడానికి కూలికెళ్తది. 1,500 అంటే ఆమెకి ఎన్ని రోజులో మీకు తెలీదు, మాకు తెలుసు.

ఇంకోటి. గ్యాస్‌కి లేని డబ్బు గేటు ముందు ఆర్చీకి ఎలా వచ్చింది? దీనికి వాళ్ళ దగ్గర జవాబు ఉంది, "అది దాత దానికోసమే ఇచ్చారు, వేరేదానికి వాడకూడదు" అని. నిజమే అయి ఉంటది. దాతలకి రాయి మీద పేరు కావాలి, పప్పు మీద పేరు రాయలేరు కదా. కానీ దాతకి ఉత్తరం రాసింది ఎవరు? మాకు ఆర్చీ కావాలని రాశారా, పిల్లలకి పప్పు కావాలని రాశారా? ఆ ఉత్తరం ఒక్కసారి నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఉత్తరాల సంగతి వచ్చింది కాబట్టి ఫోటోల సంగతి కూడా. మా ఫోటోలతో ఒక పుస్తకం అచ్చవుతుంది, ఏడాదికి రెండుసార్లు. "అంధకారంలో ఉన్న కొండజాతుల నుంచి" అని మొదలవుద్ది. అందులో మాలో ఒకడి గురించి, తండ్రి తాగుబోతు, ఇంట్లో దయ్యాల పూజ, పచ్చి మాంసం తినేవాళ్ళు అని రాశారు. వాళ్ళ నాన్న తాగడు. ఇటుకల పండక్కి వేటకెళ్తాడు, విత్తనాలకి పూజ చేస్తాడు, తెచ్చిన మాంసం ఊరందరికీ పంచి ఉడికించుకుని తింటాడు. కొడుకు కాలేజీలో చదువుతున్నాడని చెప్పుకుని మురిసిపోయే మనిషి. ఆ పుస్తకం ఆయన చదవలేడు, అదే వీళ్ళ ధైర్యం. మేము చదవగలం.

సెలవులకి ఇంటికెళ్ళి ఊళ్ళో థింసా ఆడితే పాపం, వెనక్కి వచ్చాక క్షమాపణ ప్రార్థన చేయాలి. బయటి దేశం అతిథులు వచ్చినప్పుడు అదే థింసా, అద్దెకి తెచ్చిన చీరలు కట్టించి, నెమలి ఈకలు పెట్టించి స్టేజీ మీద ఆడిస్తే ప్రోగ్రాం. మా ఆట పాపమో కాదో ముందు ఒక నిర్ణయానికి రండి.

భాష సంగతీ అంతే. గ్రీకు అక్షరాలు నేర్పుతారు, హీబ్రూ నేర్పుతారు, మంచిదే. కువి, సవర, కోయ మాట్లాడే ఊళ్ళకి మమ్మల్ని పంపుతారు కానీ ఆ భాషలకి ఒక్క పీరియడ్ లేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన ఎవరి మతం మార్చడానికీ రాలేదు. మా కాలేజీలో మాత్రం కోదు తమ్ముడు ప్రసంగం చేస్తూ తెలుగులో తడబడితే వెనక బెంచీ నవ్వుద్ది. ఆ బైబిలు తెలుగు మైదానం పిల్లలకే సగం అర్థం కాదు, అది వేరే మాట.

ఇంక అసలు ప్రమాదం. తిండి బాగోకపోతే రెండేళ్ళు ఓర్చుకుంటాం. కాగితం చెల్లకపోతే జీవితమంతా ఓర్చుకోవాలి.

మాకు చెప్పింది "బి.టి.హెచ్. డిగ్రీ" అని. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ఏం చెప్తుందంటే, డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీకి, డీమ్డ్ యూనివర్సిటీకి, లేదా పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థకే ఉంటది. ఒక సొసైటీ రిజిస్ట్రేషన్ పెట్టుకుని బోర్డు తగిలిస్తే డిగ్రీ అవదు. దైవశాస్త్రంలో పాత పద్ధతి ఒకటుంది: బెంగాల్లో సెరంపూర్ కాలేజీ, 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ పెట్టింది. 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ ఇచ్చాడు, 1918లో దానికి చట్టం వచ్చింది. అందుకని సెరంపూర్ సెనేట్ కింద ఉన్న కాలేజీలు బి.డి. లాంటి డిగ్రీలు ఇస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ దానికిందదే. కొన్నిటికి ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉంటది. అది సంఘాలు, సెమినరీలు ఒకదాన్నొకటి ఒప్పుకునే గుర్తింపు, ప్రభుత్వం ఇచ్చేది కాదు. మా కాలేజీకి ఈ రెండిట్లో ఏదీ లేదు. "వస్తోంది, ఫైలు నడుస్తోంది" అంటున్నారు. మాకంటే నాలుగు బ్యాచీల ముందువాళ్ళకి కూడా ఆ ఫైలు నడుస్తోందనే చెప్పారంట.

మూడేళ్ళు చదివి బయటికొచ్చాక ఆ కాగితం పట్టుకుని గ్రూప్-2కి పోలేం, సచివాలయం పోస్టుకి పోలేం, బీఎడ్‌కి పోలేం. అధికారికంగా మేము ఇంటర్ పాసైనవాళ్ళమే. పాడేరు డిగ్రీ కాలేజీలో చేరిన మా ఊరి కుర్రాడికి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, గిరిజన సంక్షేమ హాస్టల్ ఉంది. బకాయిలు ఉండొచ్చు, ఆలస్యం అవ్వొచ్చు, కానీ హక్కు ఉంది. గుర్తింపు లేని కోర్సుకి అదీ లేదు. ఎస్టీ పిల్లలకి రాజ్యాంగం ఇచ్చినదాన్ని మేము గేటు దగ్గరే వదిలేసి లోపలికొచ్చాం. లోపలికి తీసుకొచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

"అయితే ఎందుకు చేరారు" అంటారా? 2000లో వచ్చిన జీవో నెంబర్ 3 ఉన్నన్నాళ్ళు ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలు నూటికి నూరూ మనకే. ఇంటర్ అయ్యాక టీటీసీ చేస్తే ఊరి బడిలోనే మాస్టారవ్వొచ్చని ప్రతి ఇంట్లో ఒక లెక్క ఉండేది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఆ లెక్క పోయింది. ఇంటర్ అయ్యాక ఏం చేయాలో చెప్పే మనిషి ఊళ్ళో లేడు. అప్పుడు జీపులో ఒకాయన వచ్చి, మా అమ్మకి వందనాలు చెప్పి, మంచి మాట మాట్లాడి, ఫీజు లేదు, భోజనం పెడతాం, ఇంగ్లీషు నేర్పిస్తాం, కంప్యూటర్ నేర్పిస్తాం అన్నాడు. మాలో కొందరికి నిజంగా దేవుని పిలుపు ఉంది, వాళ్ళ విశ్వాసం మీద మాకు గౌరవం. కొందరం చదువు కోసం వచ్చాం. రెండూ తప్పు కాదు. ఆకలేసినోడు అన్నం ఉన్న వైపు నడుస్తాడు.

ఐటీడీఏ హాస్టల్లో చదివిన అన్నలు ఒకటి గుర్తుచేసుకోండి. అక్కడ మాత్రం తిండి బాగుంటదా? నీళ్ళ పప్పు, పురుగుల బియ్యం అందరం తిన్నాం. కానీ బాగోకపోతే ఏం చేసేవాళ్ళం? కంచాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చునేవాళ్ళం. పీవో గారి గ్రీవెన్స్‌కి అర్జీ పట్టుకుని పోయేవాళ్ళం. విలేకరి వచ్చేవాడు. వార్డెన్‌కి మెమో వచ్చేది. అది మన డబ్బు, మన హక్కు అని మనకి తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఇక్కడ అర్జీ ఎవరికి ఇవ్వాలి? కలెక్టరుకి ఇది కాలేజీయే కాదు. యూజీసీకి అసలు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లో గట్టిగా చెప్పింది, కానీ యూజీసీ పుస్తకంలో లేని కాలేజీకి ఆ మాట ఎవరు చెప్తారు? దాత ఎక్కడో సముద్రం అవతల ఉన్నాడు. కమిటీ ఏడాదికి రెండుసార్లు ఏసీ రూములో కూర్చుంటది. మాకు మిగిలింది ఒకటే, "కృతజ్ఞత".

ఈ కృతజ్ఞత అనే మాట మీద మాకు చాలా కోపం ఉంది. ఏది అడిగినా ముందు అదే తీస్తారు. "ఉచితంగా తింటూ సణుగుతున్నారు, ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగినట్టు" అని మొన్న ఒక ప్రసంగమే చేశారు. ఉచితం ఎక్కడుంది? రోజుకి నాలుగు గంటల పని మాది. ఫోటో మాది. సాక్ష్యం మాది. ఆట మాది. మా ఊరి పేరు చెప్తేనే మీకు విరాళం వచ్చింది. ఆదివారం చుట్టుపక్కల సంఘాలకి వెళ్ళి పాటలు పాడి బియ్యం బస్తాలు తెచ్చేది మేమే. ఇంత ఇచ్చినోళ్ళం అడగడానికి వీల్లేదంటే ఎలా? దానం పేరుతో పెట్టిన అన్నంలో నోరు మూసుకోమనే షరతు కలిపారు.

కమిటీలో తొమ్మిది మంది. మనవాళ్ళు ఒక్కరు లేరు. "గిరిజన ప్రాంత సేవ" అని బోర్డు, గిరిజనుడు బోర్డు మీద తప్ప బోర్డులో లేడు. దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ పని 1860ల నాటిది, నూటయాభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆస్తుల కాగితాలు చూసే కమిటీల్లో మనవాళ్ళు ఎంతమంది కూర్చున్నారో మీ మీ ఊళ్ళ పెద్దల్ని అడిగి చూడండి. పాస్టర్లుగా, వాచ్‌మన్లుగా, వంటవాళ్ళుగా చాలామంది ఉంటారు.

డబ్బు లేకపోతే ఎలా నడపాలి అని అడిగేవాళ్ళకి మిజోరం చూపిస్తాం. వాళ్ళూ ఎస్టీలే, వాళ్ళవీ కొండలే. అక్కడి ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నం వండే ముందు ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన తీసిపెడతారు. బుహ్‌ఫై థామ్ అంటారు. వందేళ్ళకు పైగా తీస్తున్నారు. ఆ పిడికెళ్ళు పోగేసి అమ్మి, సంఘం తన పనులు తనే నడుపుకుంటది. అక్కడ బియ్యం ఇచ్చినోళ్ళే పెద్దలు, లెక్క అడిగేదీ వాళ్ళే. మన ఊళ్ళలో కూడా జనం ఇస్తున్నారు. పసుపు అమ్మిన డబ్బులో పదోవంతు ఇచ్చే ముసలమ్మలు మాకు తెలుసు. ఆ డబ్బు కొండ దిగి ఎటు పోతుందో ఆ ముసలమ్మకి ఎవరూ చెప్పలేదు. మైదానంలో మహాసభలకి ఊరంతా ఫ్లెక్సీలు కట్టడానికి తెలుగు సంఘాల దగ్గర డబ్బుంది. కొండ పిల్లల పప్పుకి మాత్రం అమెరికా నుంచే రావాలంట.

మేము కాలేజీ మూసేయమని అడగడం లేదు. ఇది రాసుకోండి, ఎందుకంటే రేపు అలాగే తిప్పి చెప్తారు. మూసేస్తే ముందు రోడ్డున పడేది మేమే, మా తర్వాత ఆ సగం జీతం మాస్టర్లు. మేము కమిటీకి ఇస్తున్న కాగితంలో ఉన్నది ఇది. సర్టిఫికెట్లు వారంలో మా చేతికి ఇవ్వాలి. ఏడాది జమాఖర్చు తెలుగులో రాసి భోజనశాల గోడకి అంటించాలి. గుర్తింపు వచ్చేదాకా కొత్తవాళ్ళని చేర్చుకోకూడదు. చేర్చుకుంటే ఇది డిగ్రీ కాదని, స్కాలర్‌షిప్ రాదని వాళ్ళ అమ్మానాన్నల ముందు వాళ్ళ భాషలో చెప్పాలి. ఉన్నవాళ్ళందరికీ దూరవిద్యలో బీఏ కట్టించాలి, ఇగ్నో గానీ ఆంధ్రా యూనివర్సిటీ గానీ, చదువుకోవడానికి పొద్దున్న రెండు గంటలు వదలాలి. వర్క్ డ్యూటీ మళ్ళీ రెండు గంటలకి తేవాలి. మా ఫోటో, మా ఇంటివాళ్ళ కథ మమ్మల్ని అడక్కుండా అచ్చు వేయకూడదు. కమిటీలో ముగ్గురు ఆదివాసీలు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. జబ్బు చేస్తే గేటు తాళం ఎవరి దగ్గరుందని వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

ఈ గ్రూపులో సంఘం పెద్దలు, పాస్టర్ల పిల్లలు కూడా ఉన్నారని తెలుసు. "మందిరం గుట్టు బజారున పెట్టారు" అని మీకు అనిపించొచ్చు. మేము ముందు లోపలే అడిగాం. ఆగస్టులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, చెల్లి ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకసారి. మూడుసార్లూ ప్రార్థనతో ముగించి పంపేశారు.

26 మందిలో 21 మంది సంతకం పెట్టారు. మిగతా ఐదుగురిని ఎవరూ ఏమీ అనొద్దు. ఇద్దరి అన్నలు ఆ సంస్థలోనే చిన్న ఉద్యోగంలో ఉన్నారు, ఒకమ్మాయికి ఇంటి దగ్గర పెళ్ళి చేసేస్తారని భయం, మిగతా ఇద్దరూ మొదటి ఏడాది పిల్లలు.

కాగితం వచ్చే సోమవారం ఇస్తున్నాం. అదే కాగితం కాపీ పాడేరు ఐటీడీఏ గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వాలనుకుంటున్నాం, వాళ్ళ పరిధి కాదంటారని తెలిసే ఇస్తున్నాం, రసీదు మాత్రం తీసుకుంటాం. ఆ రోజు పాడేరులో ఉండే అన్నలు ఇద్దరు ముగ్గురు తోడు రావాలి. దూరవిద్య ఫారాలు నింపడం తెలిసిన అక్కలు, టీసీ లేకుండా అడ్మిషన్ అవుతుందో లేదో తెలిసినవాళ్ళు ఈ పోస్టు కింద రాయండి. రాత్రి తొమ్మిది దాటాక చూస్తాం, ఫోన్లు అప్పుడే ఇస్తారు.